అంటుకొన్న మావి, నిలిచిన గర్భసంచి: యల్లాప్రగడ సుబ్బారావుగారి మందు చరిత్రలో ఒక అధ్యాయము

బిడ్డ భూమిపై బడినంత మాత్రమున పురుడు ముగిసినట్లు గాదు. మావి పడిన పిమ్మటనే ఇంటి పెద్దలు కుదుటపడుదురు. తెలుగుదేశమునందే గాక, తరతరములుగా తెలుగువారు కాపురముండు కోలారు, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు తావులందును పురిటిగది వాకిట వినవచ్చు ప్రశ్నలలో "మావి పడినదా?" యనునది యొకటి. ఈ ప్రశ్నకు "లేదు" అను సమాధానము వచ్చినపుడు ఏమి చేయవలయునను విషయమై వైద్యశాస్త్రము నూరేండ్లకు పైగా పడిన తర్జనభర్జనల కథయే ఈ వ్యాసమునకు వస్తువు. ఆ కథలో ఒక ఘట్టమున, భీమవరమున బుట్టి మదరాసున జదివిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తగులును. మనవారి పేరు కనబడినచోట గర్వపడుట సహజము. కాని ఆ ఘట్టమును తుదివరకు చదివినగాని ఎంతమేరకు గర్వపడవలయునో తెలియరాదు. అందుచేత పొగడ్తకు దగినదానిని, దగనిదానిని గూడ ఇచట విన్నవించుచున్నాను.

వ్యాధి స్వరూపము

గర్భాశయపు కండరమునకును మావికిని నడుమ ఒక మెత్తని పొర యుండును. బిడ్డ పుట్టిన కొలది నిమిషములకు గర్భాశయము ముడుచుకొనగా మావి ఆ పొర వెంబడి విడివడి వెలికి వచ్చును. ఏ కారణముచేతనైనను ఆ పొర చెడిపోయిన తావున మావి పాతుకొన్నచో దాని వేళ్లు నేరుగా కండరమును బట్టుకొనును. పైపైన అంటుకొన్నదానిని వైద్యులు అక్రీటా యందురు. కండరములోనికి చొచ్చుకొనిపోయినది ఇంక్రీటా. కండరమును దాటి వెలుపలి పొరను, ఒక్కొక్కప్పుడు మూత్రాశయమును గూడ తాకునది పెర్క్రీటా.

ఇట్టి మావిని చేతితో బలవంతముగా లాగుట ప్రాణాపాయము. నిండు నెలల గర్భిణి గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరునకు మించి రక్తము ప్రవహించుచుండును. సాధారణముగా మావి ఊడిన వెంటనే కండరము బిగుసుకొని రక్తనాళముల నోళ్లను మూయును. అంటుకొన్న మావిని చీల్చి లాగినచోట కండరము బిగుసుకొనదు, నాళములు మూసుకొనవు. గడియ తిరుగకముందే బాలింత ప్రాణము పోవచ్చును.

కోయుటయు, కుట్టుటయు

1876 వ సంవత్సరమున ఇటలీ దేశమందలి పావియా నగరమున ఎడ్వార్డో పోరో అను వైద్యుడు సిజేరియను శస్త్రచికిత్సచేసి బిడ్డను దీసి, వెంటనే గర్భాశయమును గూడ తొలగించెను. తల్లియు బిడ్డయు బ్రదికిరి. అంతకుముందు సిజేరియను జరిగిన తల్లులలో పెక్కుమంది రక్తస్రావము చేతనో, చీము పట్టుట చేతనో మరణించుచుండిరి. గర్భాశయమునే తీసివేసినచో ఆ రెండు భయములును తగ్గునని పోరో నిరూపించెను. కాని ఆ తల్లికి మరల గర్భము నిలుచు ఆశ అంతటితో ముగిసెను.

ఆరేండ్లకు, 1882 లో, లైప్‌జిగ్ నగరమున మాక్స్ సెంగర్ అను వైద్యుడు కోసిన గర్భాశయపు గోడను జాగ్రత్తగా పొరలుగా కుట్టు విధానమును ప్రకటించెను. దానితో సిజేరియనైన స్త్రీకి గర్భాశయము దక్కెను, మరల తల్లియగు యోగ్యతయు దక్కెను. ఈ యుపకారము గొప్పది. కాని కుట్టిన ప్రతిచోటను ఒక మచ్చ మిగులును. ఆ మచ్చమీద మెత్తని పొర సరిగా పెరుగదు. తరువాతి కాన్పులో మావి అచట పాతుకొన్నచో అంటుకొనిపోవును. గర్భాశయమును కాపాడిన కుట్టే ముందు తరముల యందు ఈ వ్యాధికి ప్రధాన కారణమైనది. ఈ సంగతి లోకమునకు బోధపడుటకు నూరేండ్లు పట్టినది.

అంటుకొన్న మావిని గూర్చి మొదటి సమగ్ర పరిశోధన 1937 లో వెలువడెను. అమెరికాలో బోస్టను నగరపు ప్రసూతి ఆసుపత్రికి చెందిన ఫ్రెడరిక్ ఇర్వింగ్, ఆర్థర్ హెర్టిగ్ అను ఇరువురు వైద్యులు తమ ఆసుపత్రిలో చూచిన 18 మందిని, అంతవరకు గ్రంథస్థమైన మరి కొందరిని కలిపి పరిశీలించిరి. మావికిని కండరమునకును నడుమ నుండవలసిన పొర లోపించుటయే ఈ వ్యాధికి మూలమని వారు నిర్ధారించిరి. చేతితో లాగుట హత్యతో సమానమగుచున్నది గావున గర్భాశయమును తొలగించుటయే మేలని సలహా యిచ్చిరి. ఆ సలహా యాబదియేండ్లకు పైగా శాసనమువలె నిలిచెను. దానివలన పెక్కు ప్రాణములు నిలిచిన మాట నిజము. ఐనను మొదటి కాన్పుననే గర్భాశయమును గోల్పోయిన యువతుల దుఃఖమునకు ఆ సలహాలో సమాధానము లేదు.

అదే నగరమున ఒక తెలుగువాడు

ఇర్వింగ్, హెర్టిగ్ పండితులు ఆ పరిశోధన జరుపుచున్న దినములలో, ఆ ఆసుపత్రికి పొరుగుననే యున్న హార్వర్డు వైద్య కళాశాల ప్రయోగశాలలో ఒక తెలుగువాడు రేయింబవళ్లు పనిచేయుచుండెను. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895 లో భీమవరమున జన్మించెను. రాజమహేంద్రవరమునను, పిదప మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలయందును చదివి, ప్రెసిడెన్సీ కళాశాల మీదుగా మదరాసు వైద్య కళాశాలలో చేరెను. ఆనాటి మదరాసు తెలుగువారికి పరాయి నగరము గాదు. చదువునకు, ఉద్యోగమునకు, అచ్చుపనికి, న్యాయస్థానమునకు తెలుగువారు అచటికే పోవుచుండిరి. ఖద్దరు ధరించుట వలన ఒక ఆంగ్ల ఆచార్యుని యాగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టముతో ఆయన బయటికి వచ్చెను. పిమ్మట ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించెను. సోదరుడు పురుషోత్తముడు సంగ్రహణి రోగమున మరణించుట ఆయన మనస్సును కలచివైచెను. ఆ రోగమునకు మందు కనుగొనవలెనను తపన ఆయనను విడువలేదు.

1923 లో ఆయన బోస్టను చేరెను. చేతిలో ధనము లేదు. రాత్రులు ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేయు కూలిపని చేయుచు చదివెను. రక్తములోని భాస్వరమును కొలుచు విధానము 1925 లో ఫిస్కే, సుబ్బారావు అను ఇద్దరి పేర్లతో వెలువడి, ప్రపంచమందలి ప్రయోగశాలలలో నిత్యకృత్యమైనది. 1940 లో ఆయన హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లోనున్న లెడర్లీ సంస్థలో పరిశోధనల నాయకత్వము వహించెను. 1945 లో ఆ సంస్థలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరుని బలిగొన్న సంగ్రహణికి అది మందయ్యెను. నేడు గర్భిణులకు ఇచ్చు మాత్రలలో నుండునదియు అదియే.

శరీరకణములు విభజనము చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానికి ప్రతికూలముగా పనిచేయు పదార్థములను తయారుచేసినచో విచ్చలవిడిగా పెరుగు కణములను అదుపుచేయవచ్చునను తలంపుతో సుబ్బారావుగారి బృందము మొదట అమినాప్టెరిన్‌ను, పిదప మెథోట్రెక్సేటు అను దానిని సిద్ధపరచెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది బాలబాలికలకు ఇచ్చి 10 మందిలో తాత్కాలికముగా గుణము కనబడినట్లు 1948 జూను నెలలో ప్రకటించెను. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 వ యేట కన్నుమూసిరి. తమ మందు ఎందరు స్త్రీల గర్భాశయములను కాపాడగలదో చూచుటకు ఆయన లేరు.

మందు గర్భాశయమును జేరుట

మావి కణములు క్యాన్సరుగా మారు కోరియోకార్సినోమా యను వ్యాధి యొకటి కలదు. గర్భాశయమును తొలగించినను ఆ వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకి యువతులను కబళించుచుండెను. 1956 లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మున్నగువారు మెథోట్రెక్సేటుతో ఆ వ్యాధిని కుదిర్చినట్లు ప్రకటించిరి. గడ్డ రూపమున పెరుగు క్యాన్సరును కేవలము మందుతో నిర్మూలించిన తొలి విజయములలో నిది యొకటి. ఈ కృషికి వారిరువురును 1972 లో లాస్కర్ బహుమానమందినవారిలో నుండిరి. మన విషయమునకు ముఖ్యమైన మాట మరియొకటి. గర్భాశయమును కోయకుండగనే వ్యాధి కుదిరినందున ఆ స్త్రీలలో పెక్కుమంది పిమ్మట బిడ్డలను గనగలిగిరి.

1982 లో జపాను వైద్యుడు తనాకా, ఆయన సహచరులు గర్భాశయపు గదిలో గాక నాళము మొదటను నిలిచిన గర్భమునకు ఈ మందునే ఇచ్చి కోత లేకుండ కుదిర్చిరి. నేడు నాళములో నిలిచిన గర్భమును తొలిదశలో గుర్తించినచో పెక్కు ఆసుపత్రులలో జరుగు చికిత్స ఇదియే. ఈ రెండు తావులందును సుబ్బారావుగారి మందునకు గల కీర్తి చెక్కుచెదరలేదు.

ఈ వరుసలోనే 1986 లో సింగపూరునందు అరుళ్‌కుమారన్, ఆయన సహచరులు అంటుకొన్న మావికి మెథోట్రెక్సేటును ప్రయోగించిరి. మావిని లాగక లోపలనే విడిచి, మందునిచ్చిరి. కొన్ని దినములకు మావి తనంతట వెలువడెను, గర్భాశయము దక్కెను. 1937 లో బోస్టనులో ఇరుగుపొరుగున సాగిన రెండు కృషులు ఒకచోట కలియుటకు ఇట్లు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది. ఇర్వింగ్, హెర్టిగ్‌లు వర్ణించిన వ్యాధికి సుబ్బారావుగారి మందు విరుగుడని పలువురు సంతసించిరి. అనేక దేశములలో ఆ విధానము వ్యాపించెను.

ఓర్పు చేసిన పని

ఇచట మనము ఆగి ఆలోచింపవలయును. సింగపూరులో జరిగినవి రెండు పనులు: మావిని లాగకుండుట ఒకటి, మందునిచ్చుట రెండవది. గర్భాశయము దక్కుట దేని ఫలము?

పారిసు నగరమందలి కోషాన్ ఆసుపత్రి వైద్యులు 2004 లో ప్రకటించిన లెక్కలు ఈ విషయమున వెలుగునిచ్చినవి. మావిని ఎట్లైనను ఊడదీయవలెనని ప్రయత్నించిన కాలమున వారు చూచిన 13 మందిలో 11 మందికి గర్భాశయము పోయెను. మావిని లోపలనే విడుచు పద్ధతిని అవలంబించిన పిదప చూచిన 20 మందిలో ముగ్గురికి మాత్రమే పోయెను. పిమ్మట 2010 లో లోయిక్ సాంతిల్ మున్నగువారు ఫ్రాన్సు దేశపు అనేక ఆసుపత్రుల నుండి 167 మంది స్త్రీల వృత్తాంతములను సేకరించిరి. అందు 131 మందికి, అనగా నూటికి 78 మందికి, గర్భాశయము దక్కెను. వారిలో పెక్కుమందికి మావి తనంతట కరగిపోయెను. అందుకు పట్టిన కాలము సుమారు పదమూడు, పదునాలుగు వారములు. కొందరికి అంతకంటె ఎక్కువ కాలము పట్టెను.

ఆ తల్లులలో 96 మందిని తరువాతి కాలమున మరల విచారించిరి. ఎనమండ్రకు గర్భాశయపు గోడలు లోపల అతుకుకొని ముట్లు ఆగిపోయెను. మరల బిడ్డ కావలెనని కోరినవారు 27 మంది. వారిలో 24 మంది గర్భవతులైరి. నెలలు నిండవచ్చిన 21 కాన్పులలో ఆరింట మావి మరల అంటుకొనెను. ఆశ నిజమే, అపాయమును నిజమే యని ఈ లెక్కలు చెప్పుచున్నవి.

ఇక మందు సంగతి. 167 మందిలో ఒక తల్లి మరణించెను. బొడ్డుత్రాటి ద్వారమున ఎక్కించిన మెథోట్రెక్సేటు ఆమె ఎముకల మజ్జను, మూత్రపిండములను దెబ్బతీయుటయే మరణకారణమని వ్రాసిరి. శాస్త్రరీత్యా విచారించినను ఈ మందునకు ఇచట ఆధారము బలహీనము. విభజనము చెందుచున్న కణములపైననే అది పనిచేయును. కోరియోకార్సినోమాలో కణములు వేగముగా విభజనము చెందును. నాళములో నిలిచిన లేగర్భమునను అంతే. కాని నెలలు నిండి బిడ్డ పుట్టిన పిదప మిగిలిన మావిలో అట్టి విభజనము మిక్కిలి స్వల్పము. మందు పట్టుకొనుటకు అచట పట్టు లేదు. పైగా దాని విషము రక్తకణములకు, మూత్రపిండములకు తగులును. ఆ మందు శరీరములో నుండగా తల్లి బిడ్డకు పాలీయరాదు. ఈ కారణములచేత 2018 లో అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్యయు, అమెరికా ప్రసూతి వైద్యుల సంస్థయు అంటుకొన్న మావికి మెథోట్రెక్సేటును సిఫారసు చేయలేదు.

కావున గర్భాశయమును నిలిపినది మందు గాదు, ఓర్పు. మావిని తాకకుండ విడిచి, వారముల తరబడి జ్వరమును, చీమును, రక్తస్రావమును కనిపెట్టుచు, ఏ క్షణమైనను శస్త్రచికిత్సకు సిద్ధముగా నుండు ఆసుపత్రియే ఆ చికిత్సకు ప్రాణము. ఇందునకు తోడు మావి అంటుకొన్న గోడ భాగమును మాత్రమే తీసి మిగిలినదానిని కుట్టు విధానములను బ్యూనస్ ఎయిరిస్‌లో పలాసియోస్ హరకెమాదా, లండనులో ఎడ్విన్ చంద్రహరన్ రూపొందించిరి. ఇవన్నియు చేయితిరిగిన వారికి మాత్రమే సాధ్యములు. తల్లి ప్రాణము తూగుటలాడుచున్నపుడు గర్భాశయమును తొలగించుటయే నేటికిని ధర్మము. ఇర్వింగ్, హెర్టిగ్‌ల సలహా అచట నేటికిని చెల్లుచున్నది.

మన యిండ్లకు సంబంధించిన మాట

ఇది ఎక్కడనో పారిసులో, బోస్టనులో జరిగిన కథ యని మనము ఊరకుండుటకు వీలు లేదు. మావి గర్భాశయ ద్వారమునకు అడ్డముగా నున్న స్త్రీలను గూర్చి 2006 లో అమెరికాలో రాబర్ట్ సిల్వర్ మున్నగువారు ప్రకటించిన లెక్క ఇట్లున్నది: మొదటి సిజేరియనులో నూటికి ముగ్గురికి మావి అంటుకొనగా, రెండవదానిలో 11 మందికి, మూడవదానిలో 40 మందికి, నాలుగవదానిలో 61 మందికి అంటుకొనెను. కోత పెరిగినకొలది అపాయము ఎట్లు పెరుగునో దీనివలన స్పష్టము.

2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము దేశమంతటను నూరు కాన్పులలో 21.5 సిజేరియనులు. తెలంగాణములో 60.7. తమిళనాట 44.9, ఆంధ్రప్రదేశమున 42.4, కర్ణాటకమున 31.5, మహారాష్ట్రమున 25.4, ఒడిస్సాలో 21.6. ఇచట పేర్కొన్న రాష్ట్రములలో ఒక్కచోటనైనను ఈ సంఖ్య దేశపు సగటునకు తక్కువగా లేదు. అవసరమైన సిజేరియను ప్రాణదాత, అందు సందేహము లేదు. కాని మంచి ముహూర్తమున బిడ్డ పుట్టవలెననియో, నొప్పులు పడనేలయనియో కోరి చేయించుకొను కోత తరువాతి కాన్పునకు వడ్డీతో గూడ బదులు తీర్చుకొనును.

ఇంకొక సంగతి. తొలికాన్పు పుట్టినింట జరుగుట మన యాచారము. షోలాపురమున కాపురమున్న కోడలు పురిటికి కరీంనగరమునకు పోవును, బరంపురపు కోడలు శ్రీకాకుళమునకు పోవును, కోలారు కోడలు చిత్తూరునకు పోవును. అచటి ఆసుపత్రిలో జరిగిన కోత వివరము లిఖితమై అచటనే ఉండిపోవును. రెండవ కాన్పు మరియొక రాష్ట్రమున, మరియొక భాష మాటలాడు వైద్యుని యొద్ద జరుగును. పూర్వపు కోత యెట్టిది, మావి యెచట నుండెను, చేతితో తీసిరా, లోపల గీకిరా యని వైద్యుడు అడిగినపుడు "ఏమో, అమ్మకు తెలియును" అనుటతో సరిపెట్టుదురు. నిలువవలసిన గర్భాశయము పోవుటకు, పోకూడని ప్రాణము పోవుటకు ఈ అజ్ఞానము చాలును. బిడ్డ జాతకమును పసుపు పూసి దాచుకొను మనము తల్లి ఆపరేషను కాగితమును గూడ అంత భద్రముగా దాచుకొనవలయును. తరువాతి గర్భమున ఆరవనెల నాటికి మావి ఎచట నున్నదో పరీక్ష చేయించవలయును. అది పాత మచ్చమీద నున్నదని తేలినచో, రక్తనిధి, మత్తుమందు వైద్యుడు, చేయితిరిగిన శస్త్రవైద్యుడు ఎల్లవేళల నుండు పెద్ద ఆసుపత్రిలో ముందుగనే చేరవలయును. గర్భాశయమును నిలుపుకొనవలెనను కోరిక యున్నచో ఆ మాటను కాన్పునకు ముందే, నెమ్మదిగా, ఆ స్త్రీ నోటనే వైద్యునకు చెప్పించవలయును. ఆ నిర్ణయము అత్తవారిది గాదు, పుట్టినింటివారిది గాదు. వారములకొలది అపాయమును మోయునది ఆమె శరీరము.

సుబ్బారావుగారి గొప్పతనమునకు అంటుకొన్న మావి విషయమున జరిగిన వెనుకంజ వలన లోటేమియు లేదు. ఆయన జీవితమంతయు ఒక పదార్థము చేయు పనిని కొలిచి చూచి, కొలతకు నిలిచినదానినే నమ్మిన జీవితము. ఆయన మందును గూడ వైద్యలోకము అట్లే కొలిచినది. కోరియోకార్సినోమాలో నిలిచినది, నాళములోని గర్భమున నిలిచినది, ఇచట నిలువలేదు. ఆ మూడింటిని మూడుగా చెప్పుటయే ఆయనకు మనము చూపగల గౌరవము. ఇక బిడ్డ పుట్టిన యింట "మావి పడినదా?" యని అడుగునపుడు, దానితోపాటు "వెనుకటి కాగితము తెచ్చితిరా?" యని గూడ అడుగుట మనవారు అలవరచుకొందురు గాక.